అటక మీద పాత డెస్క్‌టాప్ ఉంది, రౌటర్‌గా పెట్టుకోవచ్చా? ఎవరైనా చేశారా?

వేదాయపాళెం_వాసి
ఇంట్లో ఫైబర్ నెట్, 100 ఎంబీపీఎస్ ప్లాను. పగలంతా బాగానే ఉంటుంది. సాయంత్రం ఏడు దాటిందంటే మొదలు. కింద మేం నలుగురం, పైన అద్దెకున్నవాళ్లు ముగ్గురు, అందరికీ ఒకటే కనెక్షన్. మా ఆవిడకి అమెరికా వాళ్లతో మీటింగులు సరిగ్గా ఆ టైములోనే. మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది, బొమ్మ నిలబడిపోతుంది. నాన్న టీవీలో ప్రవచనం పెట్టుకుంటే గుండ్రం తిరగడం తప్ప స్వామివారి నోరు కదలదు. నెట్ ఆఫీసుకి ఫోన్ చేస్తే "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్" అంటారు, ఇంకో మాట లేదు.

అటక మీద పాత డెస్క్‌టాప్ ఉంది. కోర్ ఐ3 మూడో తరం, 4 జీబీ ర్యామ్, చిన్న ఎస్‌ఎస్‌డీ. దాన్ని రౌటర్‌గా మార్చుకోవచ్చని వీడియోల్లో చూశా. నిజంగా పనికొస్తుందా? ఏం కొనాలి, ఏ వైరు ఎక్కడ గుచ్చాలి? నాకు విండోస్ ఎక్కించడం వరకు వచ్చు, అంతకుమించి రాదు.

ఒంగోలుగిత్త
మంచి రౌటర్ ఒకటి కొనుక్కో. ఆ పీసీని పాత సామాన్ల బండికి వెయ్. థ్రెడ్డు క్లోజ్.

చీమకుర్తి_గెలాక్సీ
గిత్త వచ్చిందంటే కుమ్మడమే, చదవడం ఉండదు. ఆయన అడిగింది పనికొస్తుందా లేదా అని. పనికొస్తుంది. మా ఇంట్లో ఎప్పట్నుంచో నడుస్తోంది.

సిస్టమ్_సుబ్బు
ఆగండి, ముందు జబ్బేందో తేలాలి కదా. వాసి గారూ, సాయంత్రం ఆ గోల మొదలైనప్పుడు ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేసి, బాక్సులోంచి నేరుగా లాన్ కేబుల్ పెట్టి చూడండి. కేబుల్‌తో బాగుంటే తప్పు వైఫైది. అప్పుడు పీసీని పెట్టినా, దాని తాతను తెచ్చి పెట్టినా లాభం లేదు. గోడలు దాటి సిగ్నల్ రాకపోవడాన్ని పీసీ రౌటర్ బాగుచేయదు. కేబుల్‌తోనూ అట్టాగే ఉంటే అప్పుడు మాట్లాడుకుందాం. లైను నిండినప్పుడు ఎంత ఆలస్యం అవుతుందో కొలిచే వేవ్‌ఫామ్ వాళ్ల బఫర్‌బ్లోట్ టెస్టు అని నెట్‌లో ఉంటుంది, అది కూడా నడిపి ఏ గ్రేడు వచ్చిందో చెప్పండి.

ఉలవపాడు_మామిడి
నాదీ వర్క్ ఫ్రమ్ హోమే, నాదీ ఇదే గోల. ఫాలో అవుతున్నా.

వేదాయపాళెం_వాసి
సుబ్బు గారూ, నిన్న రాత్రి చూశా. కేబుల్‌తోనూ అంతే. గ్రేడు డి. ఖాళీగా ఉన్నప్పుడు పింగ్ (కబురు పోయి తిరిగొచ్చే టైము) 8 మిల్లీసెకన్లు, అప్‌లోడ్ నడిచేటప్పుడు 400 దాటుతోంది. ఇంకోటి గమనించా. పైనింటి అబ్బాయి పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు. రాత్రిపూట ఫొటోలన్నీ డ్రైవ్‌లోకి ఎక్కిస్తాడంట. అతను మొదలుపెట్టగానే మా మీటింగ్ ఢమాల్.

ఒంగోలుగిత్త
అయితే మార్చాల్సింది రౌటర్‌ని కాదు, అద్దెవాళ్లని.

వేదాయపాళెం_వాసి
ఒకటో తారీఖు పొద్దున్నే అద్దె వేస్తాడన్నా. నెట్ పోయినా పర్లేదు, అట్టాంటోణ్ణి పోగొట్టుకోను.

సిస్టమ్_సుబ్బు
దొరికింది. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. మీ లైను స్పీడు తక్కువ కాదు, బాక్సులో క్యూ పద్ధతి బాలేదు. ఫొటోల ప్యాకెట్లు వేలకొద్దీ వచ్చి బాక్సు మెమరీలో వరసగా నిలబడతాయి. మేడమ్ మాట్లాడే మాట చిన్న ప్యాకెట్టే, కానీ అది వాటన్నిటి వెనకాల నిలబడాలి. వెంకటాచలం టోల్‌గేటు దగ్గర ఒకటే లేను ఉండి, ముందు యాభై గ్రానైట్ లారీలు, వెనక అంబులెన్సు ఉంటే ఎట్టా ఉంటుందో అట్టా.

దీనికి మందు ఉంది. ఎఫ్‌క్యూ-కోడెల్ అని, దాని తర్వాత వచ్చిన కేక్ అని రెండు పద్ధతులు. ఒక్కో పని (మీటింగు, ఫొటోల అప్‌లోడ్) ట్రాఫిక్‌ని ఒక్కో వరసగా విడదీసి, ఏ వరస చిన్నదో దాన్ని ముందు పంపిస్తాయి. కేక్ 2018లో లైనక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్ 4.19లోకి వచ్చింది. నెట్ కంపెనీలు ఉచితంగా ఇచ్చే బాక్సుల్లో సాధారణంగా ఈ సెట్టింగు ఉండదు. పీసీ రౌటర్‌లో ఉంటుంది. కాబట్టి మీ విషయంలో పీసీ పెట్టడం అర్థం ఉన్న పనే.

చీమకుర్తి_గెలాక్సీ
గ్రానైట్ లారీలని మమ్మల్నే అన్నట్టుంది.

సిస్టమ్_సుబ్బు
మీ ఊరివి కాకపోతే ఇంకెవరివి స్వామీ.

కావలి_కరెంటు
అందరూ ఒకటి మర్చిపోతున్నారు. రౌటర్ ఇరవై నాలుగ్గంటలూ నడవాలి. పాత డెస్క్‌టాప్ 60 వాట్లు తింటుందనుకో. రోజుకి 1.44 యూనిట్లు, నెలకి 43. యూనిట్ ఆరు రూపాయలు లెక్కేసినా 260. పైగా మన దగ్గర స్లాబులు. ఆ 43 యూనిట్లు నిన్ను పై స్లాబులోకి నెట్టాయంటే ఇంకా పెరుగుద్ది. ఏడాదికి మూడు వేలు. గిత్త చెప్పిందాంట్లో న్యాయం ఉంది.

ఒంగోలుగిత్త
థాంక్స్ అన్నా. ఈ ఫోరంలో నన్ను సపోర్టు చేసిన మొదటి మనిషివి.

చీమకుర్తి_గెలాక్సీ
60 ఎందుకు తింటుందన్నా? రౌటర్ పనికి గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, పెద్ద హార్డ్ డిస్కు అక్కర్లేదు, డీవీడీ డ్రైవు అక్కర్లేదు. అవన్నీ పీకేయాలి. నాది ప్లగ్ మీటరు పెట్టి చూశా, మామూలుగా 35 నుంచి 40 మధ్య ఆడుతుంది. నెలకి 27 యూనిట్లు అనుకో. ఎక్కువే, కాదనను. కానీ నువ్వు చెప్పినంత కాదు.

కావలి_కరెంటు
మంచి కొత్త రౌటర్ పది వాట్లలో అయిపోతుంది.

చీమకుర్తి_గెలాక్సీ
దానికి నాలుగైదు వేలు ముందే పెట్టాలి. అటక మీద ఉన్నదానికి పైసా పెట్టక్కర్లేదు. ఏడాది వాడి చూసి నచ్చితే అప్పుడు ఇంటెల్ ఎన్100 ఉన్న మినీ పీసీ కొనుక్కుంటాడు. అది పది పదిహేను వాట్లలో పనికానిస్తుంది, ఫ్యాను కూడా లేని మోడళ్లు ఉన్నాయి.

రొయ్యల_రాజు
మా అల్లూరు దగ్గర రొయ్యల గుంట మీద నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా తిరుగుతుంటాయి. మీరు 20 వాట్లకి కొట్టుకుంటున్నారు. చదువుతుంటే నవ్వొస్తోంది.

వేదాయపాళెం_వాసి
కరెంటు సంగతి నేను చూసుకుంటా. ముందు చేయడం ఎట్టాగో చెప్పండి. పీసీ వెనకాల లాన్ పోర్టు ఒకటే ఉంది. సరిపోతుందా?

సిస్టమ్_సుబ్బు
రెండు కావాలి. ఒకటి నెట్ వచ్చేది, ఒకటి ఇంట్లోకి పోయేది. వీలాన్ (ఒకే వైరు మీద వేర్వేరు నెట్‌వర్కులు నడిపే పద్ధతి) తెలిసిన మేనేజ్డ్ స్విచ్ ఉంటే ఒక్క పోర్టుతో కూడా లాగొచ్చు, కానీ మొదటిసారికి ఆ తలనొప్పి వద్దు. మదర్‌బోర్డు మీద పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు చిన్నది ఒకటి ఖాళీగా ఉంటుంది, దాంట్లో గిగాబిట్ లాన్ కార్డు పెట్టండి. షాపులో అడిగేటప్పుడు రెండు మాటలు గట్టిగా చెప్పండి: గిగాబిట్, పీసీఐ ఎక్స్‌ప్రెస్. లేకపోతే ఏదో మూలనున్న పాత పీసీఐ కార్డు, 100 ఎంబీపీఎస్‌ది అంటగడతారు. అది మీ స్లాటులో దూరదు కూడా. క్యాబినెట్ పొట్టిదైతే కార్డుకి పొట్టి రేకు ఉందో లేదో చూసుకోండి.

కందుకూరు_కుర్రోడు
యూఎస్‌బీ లాన్ అడాప్టరు పెడితే కాదా అన్నా? నా దగ్గర ఒకటి ఊరికే పడుంది.

సిస్టమ్_సుబ్బు
లైనక్స్ మీద చాలావరకు నడుస్తుంది. ట్రై చేయడానికి పర్లేదు. రోజూ వాడే రౌటర్‌కి నేనైతే పెట్టను. ఎవరో చీపురుతో ఊడుస్తా తగిలించారంటే ఇల్లంతా నెట్ పోతుంది. ఇంతకీ జిల్లాలు విడగొట్టినప్పుడు మీ కందుకూరుని ఏ జిల్లాలో కలిపారు?

కందుకూరు_కుర్రోడు
2022లో నెల్లూరులో కలిపారు. ఇక ఆ టాపిక్ ఎత్తొద్దు అన్నా, మా ఇంట్లోనే రెండు పార్టీలున్నాయి.

దర్శి_డెబియన్
సాఫ్ట్‌వేర్ గురించి ఎవరూ మాట్లాడరేంది? మామూలు డెబియన్ లైనక్స్ వేసుకోండి. కెర్నెల్‌లో ఐపీ ఫార్వర్డింగ్ (ఒక పోర్టులో వచ్చింది ఇంకో పోర్టులోకి పంపడం) ఆన్ చేయడం, ఎన్‌ఎఫ్‌టేబుల్స్ అనే ఫైర్‌వాల్‌లో మాస్కరేడ్ రూలు (ఇంట్లో అందరూ ఒకే అడ్రసుతో బయటికి పోయేలా) ఒకటి, అడ్రసులు పంచడానికి డీఎన్ఎస్‌మాస్క్. మూడే పనులు. రౌటర్ అంటే ఇంతే, దాని మీద పెట్టే పేర్లన్నీ ప్యాకింగు.

పొదిలి_పెద్దాయన
నేను రిటైర్ అయ్యాక నేర్చుకున్నవాణ్ణి. విండోస్‌లోనే ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్ ఉంది కదా నాయనా. విండోస్ 98 రెండో ఎడిషన్ నుంచీ ఉంది. మా ఆఫీసులో డయలప్ రోజుల్లో అదే వాడాం. ఒక టిక్కు పెడితే అయిపోయేది.

సిస్టమ్_సుబ్బు
పెద్దాయన గారూ, ఇప్పటికీ ఉంది, ఇంటి వైపు 192.168.137.1 తీసుకుంటుంది. ఒక పూటకి ల్యాప్‌టాప్ నుంచి ఇంకోదానికి నెట్ ఇవ్వడానికి బాగుంటుంది. కానీ అందులో క్యూ సెట్టింగులు లేవు, వాసి గారి జబ్బు తగ్గదు. పైగా అప్‌డేట్ అంటూ దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. ఆయన పీసీ మూడో తరం, విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు ఆగిపోయింది. నెట్‌కి నేరుగా ఎదురు నిలబడే మిషన్ మీద అప్‌డేట్లు రాని విండోస్ పెట్టడం మంచిది కాదు.

చీమకుర్తి_గెలాక్సీ
ఓపీఎన్‌సెన్స్ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్ వేసుకో అన్నా. లైనక్స్ లాంటి ఫ్రీబీఎస్‌డీ మీద కట్టింది, 2015 జనవరిలో పీఎఫ్‌సెన్స్ అనే ఇంకో రౌటర్ సాఫ్ట్‌వేర్ నుంచి విడిపోయి వచ్చింది. అంతా బ్రౌజర్‌లోనే చేసుకోవచ్చు. ఎవరు ఎంత వాడుతున్నారో గ్రాఫులు కూడా కనిపిస్తాయి. లాన్ కార్డులు మాత్రం ఇంటెల్‌వి దొరికితే మేలు, ఫ్రీబీఎస్‌డీలో వాటికే పేరు.

దర్శి_డెబియన్
గ్రాఫులు చూస్తా కూర్చోడానికా రౌటర్?

సిస్టమ్_సుబ్బు
నా ఓటు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే లైనక్స్ రౌటర్ సాఫ్ట్‌వేర్‌కి. 2000ల మొదట్లో లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రౌటర్ లోపలి కోడు, అందరికీ పంచాలనే జీపీఎల్ లైసెన్సు వల్ల, బయటికి ఇవ్వాల్సి వచ్చింది. అక్కణ్ణుంచి పుట్టింది ఇది, పేరులో ఆ డబ్ల్యూఆర్‌టీ అందుకే. లైనక్స్ కాబట్టి కేక్ నేరుగా వస్తుంది. ఓపీఎన్‌సెన్స్‌లో ఎఫ్‌క్యూ-కోడెల్ ఉంది, కేక్ లేదు. వాసి గారికి కావాల్సిందే క్యూ మందు. 4 జీబీ ర్యామ్ దీనికి లంకంత కొంప.

వేదాయపాళెం_వాసి
ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీనే పెడతా. ఆదివారం కూర్చుంటా. నెట్ వాళ్లిచ్చిన బాక్సు తీసేయాలా, ఉంచాలా?

సిస్టమ్_సుబ్బు
ఉంచాలి. ఫైబర్ కాంతిని లాన్ సిగ్నల్‌గా మార్చేది అదే, దాన్ని ఓఎన్‌టీ అంటారు. కానీ దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించుకోండి. అప్పుడది రౌటర్ పని మానేసి మార్చడం ఒక్కటే చేస్తుంది. లాగిన్ మీ పీసీ చేస్తుంది. నెట్ వాళ్లను మూడు అడగండి: పీపీపీఓఈ (నెట్ కంపెనీకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్ నేమ్, పాస్‌వర్డు, వీలాన్ నంబరు ఏదైనా ఉందా. కనెక్షన్‌ని బాక్సు మ్యాక్ అడ్రసుకి (మిషన్ గుర్తింపు నంబరు) కట్టేశారా అని కూడా అడగండి. బాక్సుకి ల్యాండ్‌లైన్ ఫోన్ తగిలించి ఉంటే బ్రిడ్జ్ చేశాక అది పనిచేస్తుందో లేదో ముందే కనుక్కోండి. మీ నాన్నగారు ఆ ఫోన్‌లోనే మాట్లాడుతుంటే ఇంట్లో గొడవైపోతుంది.

కావలి_కరెంటు
బ్రిడ్జ్ అని చెప్పు చూద్దాం, లైన్‌మన్ ముఖం ఎట్టా పెడతాడో. మా దగ్గర "కంపెనీ రూల్ లేదు సార్" అన్నాడు. టీ తాగించాక రూలు దొరికింది.

ఉలవపాడు_మామిడి
బ్రిడ్జ్ చేయనంటే ఏం చేయాలి? మా వాళ్లు ససేమిరా అన్నారు.

సిస్టమ్_సుబ్బు
అప్పుడు బాక్సు రౌటర్‌గానే ఉంటుంది, దాని కింద మీ పీసీ ఇంకో రౌటర్. డబుల్ నాట్ అంటారు. బ్రౌజింగు, మీటింగులు, ఓటీటీ అన్నీ నడుస్తాయి. బయట్నుంచి ఇంట్లోకి రావాల్సినవి, కొన్ని గేములు ఇబ్బంది పెడతాయి. క్యూ మందు మాత్రం పనిచేస్తుంది మేడమ్, కానీ ఇంట్లో ప్రతి ఫోనూ, టీవీ పీసీ వెనకే ఉండాలి. ఎవరైనా బాక్సు వైఫైకి నేరుగా కలిశారంటే వాళ్లు మన క్యూ దాటిపోయినట్టే. బాక్సు వైఫై ఆపేయండి.

వేదాయపాళెం_వాసి
ఆదివారం రిపోర్టు. కార్డు పెట్టా. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఇమేజ్ ఎస్‌ఎస్‌డీ మీద రాశా, బూట్ అయింది. బ్రిడ్జ్‌కి నెట్ ఆఫీసు వాళ్లు బుధవారం మనిషిని పంపుతామన్నారు, అందాకా డబుల్ నాట్‌తో చూద్దామని బాక్సు కిందే తగిలించా. ల్యాప్‌టాప్‌కి అడ్రసు వస్తోంది, 192.168.1.1 కొడితే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పేజీ తెరుచుకుంటోంది. నెట్ మాత్రం రాలేదు. వైర్లు అటూ ఇటూ మార్చా, అయినా లేదు.

దర్శి_డెబియన్
బాక్సు అడ్రసు ఎంత?

వేదాయపాళెం_వాసి
దానిదీ 192.168.1.1. అడుగున స్టిక్కరు మీద ఉంది.

దర్శి_డెబియన్
అదీ సంగతి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టుకతోనే 192.168.1.1 తీసుకుంటుంది, చాలా బాక్సులూ అంతే. రెండు వైపులా ఒకటే నెట్‌వర్క్ ఉంటే ప్యాకెట్టు ఏ వైపు పోవాలో పీసీకి తెలీదు. పీసీ లాన్ అడ్రసు 192.168.50.1కి మార్చి సేవ్ చేయండి. పేజీ తెగిపోతుంది, కంగారుపడకండి. ల్యాప్‌టాప్ కేబుల్ పీకి మళ్లీ పెట్టి కొత్త అడ్రసు కొట్టండి. కొద్దిసేపట్లో కొత్త అడ్రసు మీద లాగిన్ కాకపోతే అది పాతదానికే వెనక్కి పోతుంది, అది కూడా గుర్తుంచుకోండి.

సిస్టమ్_సుబ్బు
ఇంకోటి. పీసీలో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మొదటి కార్డుని లాన్ (ఇంటి వైపు) అనుకుంటుంది, రెండోదాన్ని వాన్ (నెట్ వైపు) అనుకుంటుంది. ఏది మొదటిదో బయటికి తెలీదు. ఏ పోర్టులో గుచ్చితే మీకు అడ్రసు వస్తోందో అది లాన్. మార్కరుతో వెనకాల రాసిపెట్టుకోండి.

వేదాయపాళెం_వాసి
వచ్చింది!!! దర్శి గారికి ఒక బిర్యానీ బాకీ.

రొయ్యల_రాజు
బిర్యానీ ఏందయ్యా, నెల్లూరోడివి. చేపల పులుసు అను.

వేదాయపాళెం_వాసి
పాత రౌటర్ ఇంకోటి ఉంది ఇంట్లో. వైఫైకి అది వాడొచ్చా? పీసీలో వైఫై కార్డు పెట్టడం కన్నా?

చీమకుర్తి_గెలాక్సీ
అదే మంచిది. పీసీలో పెట్టే వైఫై కార్డులు ఫోన్‌లాగా ఒక చోట కలవడానికి తయారైనవి, ఇంటిల్లిపాదికీ సిగ్నల్ పంచడానికి కాదు. పాత రౌటర్‌ని వైఫై ఒక్కటే పంచే యాక్సెస్ పాయింట్ చేసుకో. దాంట్లో డీహెచ్‌సీపీ (అడ్రసులు పంచే పని) ఆపేయి, దాని అడ్రసు 192.168.50.2కి మార్చు, పీసీ నుంచి వచ్చే కేబుల్ దాని లాన్ పోర్టులో గుచ్చు. వాన్ అని రాసి రంగు వేరేగా ఉండే పోర్టు ఖాళీగా వదిలేయి. చాలామంది తప్పేది ఇక్కడే.

కందుకూరు_కుర్రోడు
నేను మాత్రం దర్శి అన్న మాట విని మామూలు డెబియన్ వేశా. అంతా నడుస్తోంది, కానీ విచిత్రం ఒకటి. గూగుల్ వస్తుంది, యూట్యూబ్ వస్తుంది, మా కాలేజీ ఫీజు కట్టే పేజీ, ఒక బ్యాంకు పేజీ మాత్రం సగం తెరుచుకుని ఆగిపోతాయి. ఫోన్ డేటాలో బాగానే ఉన్నాయి.

దర్శి_డెబియన్
నీది బ్రిడ్జ్ అయి, పీసీలోనే పీపీపీఓఈ పెట్టావు కదా?

కందుకూరు_కుర్రోడు
అవునన్నా.

దర్శి_డెబియన్
అయితే ఎంటీయూ, అంటే ప్యాకెట్టు గరిష్ఠ సైజు. మామూలు ఈథర్నెట్‌లో ఒక ప్యాకెట్టు 1500 బైట్ల దాకా మోస్తుంది. పీపీపీఓఈ దాంట్లో 8 తినేస్తుంది, మిగిలేది 1492. ఇంట్లో ఫోన్లకి ఆ సంగతి తెలీదు, 1500కే బేరం కుదుర్చుకుంటాయి. "ఇంత పెద్దది పట్టదు" అని తిరిగొచ్చే మెసేజీని కొన్ని సైట్ల ఫైర్‌వాల్స్ పడేస్తాయి, అందుకే అన్నీ కాకుండా కొన్నే ఆగిపోతాయి. ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో ఎమ్‌ఎస్‌ఎస్ (ప్యాకెట్టులో పట్టే డేటా సైజు) క్లాంపింగ్ రూలు పెట్టు, సైజుని రూటు ఎంటీయూకి సరిపెట్టమని. 1452 అని నేరుగా పెట్టినా ఐపీవీ4కి పని జరుగుతుంది.

సిస్టమ్_సుబ్బు
ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో వాన్ జోనుకి ఆ టిక్కు ముందే పెట్టి ఉంటుంది. ఊరికే చెప్తున్నా, దర్శి గారు ప్యాకింగు అన్నారు కదా.

దర్శి_డెబియన్
సరే సరే.

కందుకూరు_కుర్రోడు
పెట్టా, ఫీజు పేజీ తెరుచుకుంది. ఇప్పుడు ఫీజు కట్టాలి, అదీ బాధ.

రొయ్యల_రాజు
నా డౌటు ఒకటి. గుంట మీద కెమెరాలు, వాటి రికార్డింగు బాక్సు ఎన్‌వీఆర్ ఉన్నాయి. ఇంటి నుంచి చూడాలంటే పోర్ట్ ఫార్వర్డ్ (బయట్నుంచి లోపలికి దారి తెరవడం) చేయమన్నారు. చేశా, రావట్లేదు. పీసీ రౌటర్ పెడితే వస్తుందా?

సిస్టమ్_సుబ్బు
ముందు రౌటర్‌లో వాన్ అడ్రసు చూడండి. ఏముంది?

రొయ్యల_రాజు
100.72తో మొదలవుతోంది.

సిస్టమ్_సుబ్బు
అయితే ఏ రౌటర్ పెట్టినా రాదు రాజు గారూ. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అడ్రసులు నెట్ కంపెనీలు లోపల వాడుకోడానికి 2012లో విడిగా కేటాయించినవి. సీజీనాట్ అంటారు. ఒక్క పబ్లిక్ అడ్రసు వెనక చాలామంది కస్టమర్లు ఉంటారు, బయట్నుంచి వచ్చేవాడికి మీ గుంట ఏదో తెలిసే దారి లేదు. నెట్ వాళ్లను స్టాటిక్ ఐపీ (మీకంటూ మారని పబ్లిక్ అడ్రసు) అడగండి, నెలకి కొంత తీసుకుని ఇస్తారు. లేదంటే టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ పెట్టుకోండి, అది లోపల్నుంచి బయటికి దారి తీస్తుంది కాబట్టి సీజీనాట్ అడ్డం రాదు. ఎట్టా చూసినా కెమెరా బాక్సు పోర్టుని నేరుగా లోకానికి తెరవొద్దు. పాస్‌వర్డు మార్చని ఎన్‌వీఆర్‌ల కోసం వెతికేవాళ్లు రాత్రింబగళ్లు వెతుకుతూనే ఉంటారు.

రొయ్యల_రాజు
రొయ్యల్ని నెట్‌లో చూసి ఏం చేస్తారంట దొంగలు?

సిస్టమ్_సుబ్బు
రొయ్యల కోసం కాదు, ఆ బాక్సుని వాడుకుని ఇంకొకళ్ల మీద దాడి చేయడానికి.

వేదాయపాళెం_వాసి
బుధవారం లైన్‌మన్ వచ్చాడు, బ్రిడ్జ్ అయింది. వీలాన్ నంబరు అడిగితే ఫోన్ చేసి కనుక్కుని చెప్పాడు, మంచివాడే. పీసీలో పీపీపీఓఈ పెట్టా. క్యూ సెట్టింగుల ఎస్‌క్యూఎం ప్యాకేజీ వేసి కేక్ ఎంచుకున్నా. డౌన్‌లోడ్, అప్‌లోడ్ అంకెలు ఎంత ఇవ్వాలి?

సిస్టమ్_సుబ్బు
ఎస్‌క్యూఎం ఆపి, రద్దీ లేనప్పుడు కేబుల్ మీద స్పీడు టెస్టు చేయండి. వచ్చినదాంట్లో 90 శాతం ఇవ్వండి. 96 వస్తే 86. క్యూ మన చేతిలో ఉండాలంటే లైను నిండకముందే మనం ఆపాలి, అందుకే ఆ పది శాతం వదులుకోవడం. తర్వాత కొంచెం కొంచెం పెంచుతూ పింగ్ చూసుకోండి.

వేదాయపాళెం_వాసి
పెట్టా. రాత్రి పైనింటి అబ్బాయిని ఫొటోలు ఎక్కించమని నేనే చెప్పా, పెద్ద రిసెప్షన్ ఆల్బమ్ అంట. పింగ్ 8 నుంచి 14కి పోయింది, అంతే. గ్రేడు ఏ. మీటింగ్ గంటన్నర నడిచింది. మా ఆవిడ గదిలోంచి బయటికొచ్చి "ఇవాళ అతను ఊళ్లో లేడా?" అంది.

ఉలవపాడు_మామిడి
ఇది చాలు నాకు. పీసీ వెతుకుతున్నా.

చీమకుర్తి_గెలాక్సీ
ఇప్పుడే పండగ చేసుకోవద్దు. కరెంటు పోయి వచ్చినప్పుడు చూడాలి. బయాస్‌లో రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్ అనేది పవర్ ఆన్‌కి మార్చు, లేకపోతే కరెంటు వచ్చినా పీసీ పడుకునే ఉంటుంది. కీబోర్డు పీకేసి కూడా ఒకసారి బూట్ చేసి చూడు. కొన్ని పాత బోర్డులు "కీబోర్డు లేదు, ఎఫ్1 నొక్కు" అని ఆగిపోతాయి. లేని కీబోర్డు మీద ఎఫ్1 ఎట్టా నొక్కుతామో ఆ రాసినోడికే తెలియాలి. హాల్ట్ ఆన్ అనే చోట నో ఎర్రర్స్ పెడితే పోతుంది.

అన్నిటికన్నా ముందు, పీసీ టైమునీ బయాస్ సెట్టింగులనీ నిలబెట్టే సీమాస్ బ్యాటరీ మార్చు. సీఆర్2032, గుండ్రంగా నాణెం అంత ఉంటుంది, వాచీల షాపులో దొరుకుతుంది. అటక మీద అన్నాళ్లు పడుంటే అది చచ్చిపోయి ఉంటుంది. మా ఇంట్లో జరిగింది చెప్తా. రాత్రి వాన, కరెంటు పోయి తెల్లారుజామున వచ్చింది. పీసీ లేచింది, లైట్లన్నీ వెలుగుతున్నాయి, ఒక్క సైటూ రాదు. స్క్రీన్ తగిలించి చూస్తే తేదీ 2012 జనవరి. నా ఓపీఎన్‌సెన్స్‌లో డీఎన్ఎస్‌సెక్ (సైటు పేరు వెతికితే వచ్చే జవాబు మీద సంతకం సరిచూసేది) ఆన్‌లో ఉంది. తేదీ తప్పయ్యేసరికి సంతకాలన్నీ చెల్లవని పేర్లు వెతకడం మానేసింది. టైము సరిచేసుకోవాలంటే టైము సర్వరు పేరు వెతకాలి. పేరు వెతకాలంటే టైము సరిగ్గా ఉండాలి. రెండూ ఒకదాని మొహం ఒకటి చూసుకుంటా కూర్చున్నాయి. చేత్తో తేదీ కొట్టాక కదిలింది, పొద్దున్నే ముప్పై నలభై రూపాయల బ్యాటరీ తెచ్చి వేశా.

పొదిలి_పెద్దాయన
బ్యాటరీ మార్చాక బయాస్ సెట్టింగులు మళ్లీ పెట్టుకోవాలి నాయనా. పోయిందంటే అవీ పోతాయి.

కావలి_కరెంటు
ఇన్వర్టరు ఉంటే పీసీ, ఓఎన్‌టీ, యాక్సెస్ పాయింట్ మూడూ దాని మీదే ఉండాలి. పీసీ ఒక్కటే ఉండి బాక్సు పోతే ఏం లాభం. మామూలు ఇన్వర్టరు మారే క్షణంలో పీసీ రీస్టార్ట్ అవ్వొచ్చు, దాంట్లో యూపీఎస్ మోడ్ ఉంటే అది పెట్టు.

మైపాడు_అల
సముద్రం దగ్గరోళ్లకి ఒక మాట. ఉప్పు గాలికి లాన్ కార్డు పిన్నులు, ర్యామ్ కాళ్లు పచ్చగా అవుతాయి. అప్పుడప్పుడు తీసి మెత్తటి రబ్బరుతో తుడిచి పెట్టండి.

చీమకుర్తి_గెలాక్సీ
మాకు ఉప్పు లేదు, రాతి పొడి. నెలకోసారి బ్లోయరు కొట్టకపోతే ఫ్యాను కూత వీధి చివరికి వినపడుద్ది.

ఒంగోలుగిత్త
అంతా చదివా. ఇప్పుడు నా మాట వినండి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కే చిన్న రౌటర్ ఒకటి మా ఇంట్లో పెట్టా. 100 ఎంబీపీఎస్‌కి అదే కేక్, అదే గ్రేడు ఏ. ఫ్యాను లేదు, ఎఫ్1 లేదు, 2012 జనవరి లేదు. నేను మొదటి పోస్టులో చెప్పింది ఇదే.

సిస్టమ్_సుబ్బు
మొదటి పోస్టులో మీరు చెప్పింది "కొనుక్కో" అని. ఏది కొనాలో చెప్పలేదు. షాపులో కనపడింది కొంటే ఈ సెట్టింగు ఉండకపోవచ్చు. కొనేముందు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సైటులో ఆ మోడలు, దాని వెర్షన్ నంబరుతో సహా ఉందో లేదో చూసుకోవాలి, ఒకే పేరుతో లోపల చిప్పు మార్చి అమ్ముతారు. 100కి మీరన్నది నిజమే, చిన్నది సరిపోతుంది. లైను 300, 500 అయితే కేక్‌కి ప్రాసెసర్ బలం కావాలి, చిన్న రౌటర్లు ఆయాసపడతాయి. అక్కడ ఐ3 నిద్రపోతూ చేస్తుంది.

ఒంగోలుగిత్త
నిద్రపోతూ 38 వాట్లు.

వేదాయపాళెం_వాసి
నాది ప్లగ్ మీటరులో 41 చూపిస్తోంది, గ్రాఫిక్స్ కార్డు పీకాక. గిత్త అన్నా, నీ మోడలు పేరు పెట్టు, బిల్లు చూసి ఆలోచిస్తా. ఈలోపు బ్యాటరీ మార్చా, కీబోర్డు లేకుండా బూట్ అయింది, మెయిన్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే రెండు నిమిషాల్లో నెట్ వచ్చింది.

సిస్టమ్_సుబ్బు
సెట్టింగుల బ్యాకప్ ఫైలు ఒకటి దించి పెట్టుకోండి. ఆ పీసీలో కాదు, వేరేచోట. అందులో మీ నెట్ పాస్‌వర్డు ఉంటుంది, ఫ్యామిలీ గ్రూపులో పెట్టకండి.

ఉలవపాడు_మామిడి
పీసీ దొరికింది, మా తమ్ముడి దగ్గర. స్లాటు పొడుగుది ఒకటే ఖాళీ ఉంది, చిన్నది లేదు. కార్డు దాంట్లో పడుతుందా?

సిస్టమ్_సుబ్బు
పడుతుంది మేడమ్. పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో చిన్న కార్డు పెద్ద స్లాటులో నడుస్తుంది. ఒక ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, పాత పీసీఐ స్లాటు కాదని చూసి చెప్తా.